డోలుకు రెండు మొహాలు, మైకు ఒక్కటే

ఓదెల మల్లన్న గుడి దగ్గర పట్నం ముగ్గు వేసేటప్పుడు ఒగ్గు డోలు మోగితే రొమ్ములో అదురు పుడుతుంది. అదే మోతను ఎవరో ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెడతారు. విని చూడండి: టకటకమనే పుల్ల చప్పుడు, దాని మీద తాళాల గలగల. అదురు ఎటు పోయిందో తెలియదు.

కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల, పెద్దపల్లి వైపు జానపద పాట రికార్డు చేయడం ఇప్పుడు ఇంటింటి పనైంది. కంప్యూటరు, ఒక మైకు, గోడలకు అంటించిన నురుగు పలకలు ఉంటే స్టూడియో అయినట్టే. పాటల్లో డోలూ డప్పూ వినిపిస్తాయి గానీ, చాలాసార్లు అవి కీబోర్డులోంచి వచ్చిన శాంపిళ్లు. కింద బరువు చాలదనిపించి సింథ్ బేస్ ఒకటి పరుస్తారు. అసలు డోలు పక్కనే ఉన్నా దాని అడుగు స్వరాన్ని యంత్రంతో పలికించడం నాకు మింగుడుపడదు. డోలులో ఆ స్వరం లేక కాదు ఈ తిప్పలు, దాన్ని పట్టే పద్ధతి తెలియక.

ఇలాంటి చిక్కునే యాభై ఏళ్లకు ముందే లండన్‌లో ఒక బేస్ గిటార్ వాద్యకారుడు విప్పాడు. ఆయన పేరు క్రిస్ స్క్వైర్, బృందం పేరు 'యెస్'. ప్రోగ్రెసివ్ రాక్ అంటే పాటను పదీ ఇరవై నిమిషాలు సాగదీసి, నడుమ నడక మార్చుకుంటూ, కథలా నడిపే రాక్ శాఖ. రాత్రంతా ఒగ్గు కథ విన్న మనకు ఇరవై నిమిషాలు పెద్ద లెక్క కాదనుకోండి. అప్పటికి రాక్ పాటలో బేస్ పని చాలావరకు వెనక నిలబడి మోత మోయడమే. స్క్వైర్‌కు అది సరిపోలేదు. మోత తగ్గకూడదు, ప్రతి మీటూ విడిగా వినబడాలి. రెండూ ఒకే దారిలో కుదరవు. మోత పెంచితే స్వరం బురదవుతుంది, పదును పెంచితే బరువు పోతుంది.

1965లో లండన్‌లోని బూసీ అండ్ హాక్స్ సంగీత దుకాణంలో పనిచేస్తూ ఆయన ఒక రికెన్‌బ్యాకర్ బేస్ కొన్నాడు. దానికి తీగల అదురును పట్టే పికప్‌లు రెండు. వాటి వైర్లను విడగొట్టించి ఒక్కో పికప్‌ను ఒక్కో దారిలో పంపాడు. మెడవైపు పికప్ నుంచి వచ్చే లావు స్వరాన్ని శుభ్రంగా ఉంచాడు. బ్రిడ్జి వైపు పికప్ నుంచి వచ్చే పదును స్వరాన్ని ఆంప్లిఫయర్‌లో గరుకెక్కించాడు. చివరకు రెండూ కలిపాడు. గుండ్రటి చుట్టు ఉన్న రోటోసౌండ్ తీగలు, గట్టి ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ల), మీటుతూనే బొటనవేలి అంచును తీగకు తాకించే అలవాటు ఆ పదునుకు తోడయ్యాయి. 1971లో అడ్విజన్ స్టూడియోలో ఎడ్డీ ఆఫర్డ్ ఇంజనీరుగా రికార్డయిన 'ఫ్రాజైల్' ఆల్బంలో 'రౌండెబౌట్' పాట వింటే ఫలితం అర్థమవుతుంది. ఒకే వాయిద్యం, రెండు గొంతులు.

ఒగ్గు డోలుకు ఈ రెండు గొంతులూ పుట్టుకతోనే ఉన్నాయి. ఒక మొహం మీద పుల్ల పడుతుంది, రెండో మొహం మీద అరచెయ్యి. పుల్ల పక్క పదును, చెయ్యి పక్క లోతు. స్క్వైర్ వైర్లు విడదీసి తెచ్చుకున్నదాన్ని డోలు కొట్టే మన కురుమ కళాకారుడు మెడలో వేసుకొని తిరుగుతున్నాడు. మనం చేసేదేమిటంటే ఒకే మైకును ఆయన ముందు, గొంతు ఎత్తులో పెట్టి రెండు మొహాలకూ దూరం చేయడం.

రెండు మైకులు పెట్టండి, మొహానికొకటి, జానెడు దూరంలో. చెయ్యి పక్కకు పెద్ద డయాఫ్రమ్ ఉన్న డైనమిక్ మైకు మేలు. దిక్కు చూసి వినే మైకును దగ్గర పెట్టినకొద్దీ అడుగు స్వరం దానంతటదే పెరుగుతుంది. అయితే ఇక్కడ ఒక మోసం ఉంది. పుల్లతో కొట్టగానే ఆ పక్క తోలు లోపలికి పోతుంది, లోపలి గాలి తోసి అవతలి తోలు బయటికి ఉబ్బుతుంది. అంటే ఒక మైకు ముందు నుంచి తోలు వెనక్కి జరుగుతున్న క్షణానే రెండో మైకు వైపు తోలు ముందుకు వస్తోంది. ఈ రెండు సంకేతాలనూ అలాగే కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందు చచ్చేది అడుగు స్వరమే. రెండు మైకులు పెట్టినా మోత రాలేదని విసుక్కొని మళ్లీ ఒక్కదానికే పోయేవాళ్లు ఈ గోతిలోనే పడుతుంటారు. మందు చాలా చిన్నది: మిక్సింగ్‌లో ఒక ట్రాక్ పొలారిటీని తిప్పేసే మీట నొక్కడమే. చాలా సాఫ్ట్‌వేర్‌లలో దానికి సున్నాకు అడ్డగీత ఉండే గుర్తు ఉంటుంది. నొక్కి వినండి, వదిలి వినండి. ఏది లావుగా ఉంటే అదే సరైనది.

దూరం కూడా చూసుకోవాలి. శబ్దం 34 సెంటీమీటర్లు పోవడానికి ఒక మిల్లీసెకను పడుతుంది. బేస్ గిటార్‌ను నేరుగా వైరు ద్వారా ఒక ట్రాక్‌లోకి, ఆంప్లిఫయర్ ముందు మైకుతో ఇంకో ట్రాక్‌లోకి తీసుకున్నప్పుడు ఈ ఆలస్యం వల్లే స్వరం బోలుగా వస్తుంది. ఒక ట్రాక్‌ను కాస్త జరిపి కలిపేస్తారు. డోలుకైతే మైకులు రెండూ సమాన దూరంలో ఉంచితే సగం పని అయినట్టే.

ఇక గది. పది అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలిచిపోయి ఊగుతుంది. గదిలో ఒక చోట డోలు ఉరుములా వినబడి, రెండడుగులు జరిగితే సన్నబడిపోయేది అందుకే. నురుగు పలకలూ కోడిగుడ్ల అట్టలూ పై స్వరాలనే తాగుతాయి. 60 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 5.7 మీటర్లు, దానికి రెండంగుళాల నురుగు లెక్కా? మందంగా గాజు ఊలు నింపే స్తోమతు లేకపోతే నా మాట వినండి: డోలును వాకిట్లోకి తీసుకుపోండి. ఆరుబయట ఎదురుగోడ లేదు, అడుగు స్వరం తిరిగొచ్చి చెడగొట్టదు. గాలికి మైకు మీద బొచ్చు తొడుగు వేయండి. మైకు మీదుండే లో-కట్ మీటను మాత్రం నొక్కకండి. గాలి హోరుతో పాటు డోలు కడుపును కూడా కోసేసేది అదే.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఇంకో ఇబ్బంది. హన్మాజీపేట మిద్దె రాములు లాంటి ఒగ్గు కథకుల దారిలో డోలు కథకు జవాబు చెబుతుంది. మాట నడిచేటప్పుడు అణిగి ఉండి, మాట ముగిసిన చోట విరుచుకుపడుతుంది. ఫోను తనంతట తానే శబ్దాన్ని సరిచేస్తూ విరుచుకుపడేదాన్ని అణుస్తుంది, నిశ్శబ్దాన్ని లేపుతుంది. అప్పుడు కథకు ఊపిరాడదు. శబ్ద స్థాయిని చేతితో పెట్టుకునే యాప్ వాడాలి.

డప్పు సంగతి వేరు. దాని శ్రుతి నిప్పు చేతిలో ఉంటుంది. మంటకు కాపితే తోలు బిగిసి పలుకు పైకెక్కుతుంది, చల్లారుతుంటే కిందికి దిగుతుంది, వానాకాలంలో ఇంకా తొందరగా. పాటను ముక్కలుగా రికార్డు చేసి అతికిస్తే పల్లవిలో డప్పు ఒకటి, మూడో చరణంలో మరొకటి అవుతుంది. అందుకే కాపిన వెంటనే పాట మొత్తం ఒకే ఊపులో తీయాలి.

ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ ఆట దగ్గర ఈ లెక్కలు మళ్లీ మారతాయి. దండారీ వేడుకలో పెప్రె, కాలికోం, తుడుం, డప్పు వాయిద్యాలు ఒకచోట మోగుతుంటే నెమలి ఈకల టోపీలతో ఆటగాళ్లు గుండ్రంగా తిరుగుతారు, కాళ్ల గజ్జెలు వాళ్లతో పాటే తిరుగుతాయి. ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు అతికిస్తే ఆ తిరుగుడు పోతుంది. వలయానికి కాస్త ఎడంగా జంట మైకులు పెట్టి, తుడుంకు మాత్రం దగ్గరగా ఇంకొకటి చాలు. మర్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు గుస్సాడీని దేశమంతా చూసింది. సరిగ్గా విన్నది మాత్రం తక్కువే.

ఇంతా చేసి పాటను జనం వినేది ఫోన్ స్పీకర్లో కదా అంటారు. నిజమే, అందులో 200 హెర్ట్జ్ కింద పలికేది దాదాపు ఏమీ ఉండదు. బేస్ గిటార్ లావు తీగ స్వరం 41 హెర్ట్జ్. అయినా ఫోన్లో దాని బాట తెలుస్తుంది. 82, 123, 164, 205 ఇలా పైకి వరుసగా వచ్చే పలుకుల్లో 200 దాటినవి విని చెవి అడుగును ఊహించుకుంటుంది. తోలు పలుకులు ఇంత వరుసగా ఉండవు, కాబట్టి మనం సాయం చేయాలి. చెయ్యి పక్క ట్రాక్‌కు ఒక నకలు తీసి, దాన్ని శాచురేషన్‌తో కొద్దిగా గరుకెక్కించి, అందులో అడుగును కోసేసి, అసలు ట్రాక్ పక్కన సన్నగా కలపండి. అసలును ముట్టుకోకండి. స్క్వైర్ చేసిన పనికి ఇది దగ్గరి చుట్టమే.

పాట కింద పేర్లు వేసేటప్పుడు రాసినవాళ్లు, పాడినవాళ్లు, కెమెరా, ఎడిటింగ్ అన్నీ ఉంటాయి. 'ఫ్రాజైల్' అట్ట మీద బేస్ ఎవరు వాయించారో ఉంది. మీ తర్వాతి పాటకు డోలు కొట్టినవాళ్ల పేరూ ఊరూ రాయండి, రెండు మొహాల ట్రాకులనూ ఏ మార్పూ చేయకుండా ఒక హార్డ్ డిస్క్‌లో దాచండి.