కాగితంలో ఒక్కరు, గదిలో పదహారు మంది

ఈ వారం సూరత్‌లో ఉన్నాను. కతార్‌గామ్‌లో మా పెద్దనాన్న కొడుకింట్లో దిగాను. అన్న సిరిసిల్ల నుంచి సాంచాల (మరమగ్గాల) మీద పనికొచ్చి, ముప్పై ఏళ్ల కష్టంతో మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. కింద తానుంటూ పైగదులు కిరాయికిస్తాడు. నేను చాయ్ తాగడం అయిందో లేదో, బీరువాలోంచి ఫైలు తీసి నా ముందు పెట్టాడు. "నువ్వు పేపర్ల రాసినట్టే చేసిన, చూస్కో" అన్నాడు.

చూశాను. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి గనక అందరూ రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు ఉంది. కిరాయిదారు ఆధార్ నకలు, పోలీస్ స్టేషన్ ముద్రతో వివరాల ఫారం, డిపాజిట్‌కు రసీదు, నెలనెలా కిరాయి రసీదులు ఉన్నాయి. తాళంచెవి ఇచ్చిన రోజు కరెంటు మీటరు ఎంత చూపిస్తోందో రాసిపెట్టాడు. గోడలకూ కుళాయిలకూ ఫొటోలు తీసిపెట్టాడు. కాగితం చేతికొచ్చాకే తాళంచెవి ఇవ్వండని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఒక్క ఇంట్లోనైనా ఆ మాట ఇంత శ్రద్ధగా పాటించారని కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం పైకి వెళ్లాం. అగ్రిమెంటులో ఉన్నది ఒకే పేరు, మెస్ నడిపే గంజాం మనిషిది. గదిలో మాత్రం ఎనిమిది మంది నిద్రపోతున్నారు. రాత్రి షిఫ్టు వాళ్లు. సాయంత్రం వీళ్లు లేచి సాంచాలకు పోతే, పగలంతా పన్నెండు గంటలు పనిచేసిన ఇంకో ఎనిమిది మంది వచ్చి అవే పరుపుల మీద పడుకుంటారు. పరుపు చల్లారేది లేదు. పదహారు మందికీ ఒకటే మరుగుదొడ్డి. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు మూరెడు దూరంలో ఉంది. శ్రీకాకుళం దాటితే గంజామే కదా, మూల పడుకున్నాయన లేచి తెలుగులోనే "ఏ ఊరు బాబూ?" అని పలకరించాడు. ఆయన పేరేమిటని అన్నను అడిగాను. "మెస్సాయన పేరు తెలుసు. మిగతోళ్లు మారుతుంటరు" అన్నాడు.

నాకు 1994 సెప్టెంబరు గుర్తొచ్చింది.

అప్పుడు మా బాబాయి ఇక్కడికి దగ్గర్లోనే, వేడ్ రోడ్డులో ఉండేవాడు. తాపీ వరద తీసిన తరవాత ఊపిరితిత్తుల ప్లేగు ముందు కనిపించింది ఈ వాడల్లోనే. యాభై మందికి పైగా పోయారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ అయిపోయింది. కొద్ది రోజుల్లోనే లక్షల మంది దొరికిన రైలెక్కి ఊరు విడిచారు. బాబాయి నవజీవన్ ఎక్కి వరంగల్‌లో దిగితే ఊళ్లోకి రానివ్వలేదు. పొలం దగ్గర కొట్టంలో పది రోజులున్నాడు. బడికి పోయేముందు నేను సద్దిమూట గట్టు మీద పెట్టి దూరంగా నిలబడేవాణ్ని. ఆ దూరం నుంచే ఆయన తన ఇంటి ఓనరమ్మ గురించి చెప్పేవాడు.

పటేల్ ముసలావిడ. అందరూ 'బా' అని పిలిచేవాళ్లు. ఎనిమిది గదులున్నాయి ఆమెకు. అగ్రిమెంటు లేదు, రసీదు లేదు. కానీ ఎవరిది ఏ ఊరో, పెళ్లయిందో లేదో, ఏ కార్ఖానాలో పనో ఆమెకు తెలుసు. గదికి నలుగురే. షిఫ్టు మార్చి ఒకరి పరుపు మీద ఇంకొకరు పడుకోవడానికి వీల్లేదు, మనిషికో మంచం ఉండాల్సిందే. మోరీ పూడితే ఆ పూటే మనిషిని పిలిపించేది. ప్లేగు భయంతో అందరూ వెళ్లిపోతున్న రోజు మాత్రం గుమ్మంలో కూర్చుని ప్రతివాడి ఇంటి అడ్రసూ మనవడితో రాయించుకుంది. రెండు నెలలకు బాబాయి తిరిగొస్తే గదికి సున్నం వేసి ఉంది. ఆ రెండు నెలల కిరాయి వద్దంది.

ఆ మరుసటేడు మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు గారు సూరత్ మున్సిపల్ కమిషనరుగా వచ్చి, అధికారులను రోజూ వీధుల్లోకి నడిపించారు. చెత్తకుప్పగా పేరుపడ్డ నగరం 1996 నాటికి దేశంలో రెండో శుభ్రమైన నగరమనిపించుకుంది. అది చిన్న పనేమీ కాదు. అయితే మున్సిపాలిటీ చీపురు గడప దాకానే వస్తుంది. గడప లోపల ఎందరు పడుకోవాలో, గాలి ఎటు నుంచి రావాలో చూసుకోవలసింది ఇంటి ఓనరే.

రాత్రి భోజనాల దగ్గర అన్న లాక్‌డౌన్ మాట ఎత్తాడు. కూలీల దగ్గర నెల కిరాయి అడగొద్దని 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అన్న వెంటనే మాఫీ చేశాడు. ఎవరికి? అగ్రిమెంటులో పేరున్న మెస్సాయనకు. ఆయన ఆ పదహారు మంది దగ్గర పరుపు డబ్బులు తీసుకున్నాడో లేదో అన్నకు ఈనాటికీ తెలియదు.

నేను ఇన్నేళ్లు రాసిన సలహాలో లోటు ఇక్కడ తెలిసింది. కాగితం డబ్బును కాపాడింది, గదిలో పడుకున్నవాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. కాబట్టి నా పాత మాట వరస మారుస్తున్నాను. ముందు గదికి ఎందరు పడతారో ఓనరు తేల్చుకోవాలి. మంచానికి ఒక మనిషి. ఆ సంఖ్య అగ్రిమెంటులో రాయాలి, ఉండేవాళ్లందరి పేర్లూ ఊళ్లూ దానికి జతచేయాలి, మనిషి మారినప్పుడల్లా ఆ జాబితా మారాలి. నెలకోసారి లోపలికి వెళ్లి చూడాలి, అదీ ముందురోజే చెప్పి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా కిరాయి చట్టం కూడా ఇరవై నాలుగు గంటల ముందు తెలియజేయమనే అంటుంది. డిపాజిట్ రెండు నెలల కిరాయికి మించొద్దని కూడా అందులో ఉంది. రాష్ట్రాలు చట్టం చేసుకుంటే గాని అది అమలుకు రాదు, నిజమే. కానీ ఇవి పాటించడానికి మీకు గెజిట్ అక్కర్లేదు.

కిరాయి తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఇదే మాట అన్నతో అంటే చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున లేచేసరికి, రెండో మరుగుదొడ్డికి కొలతలు తీయడానికి మేస్త్రీని పిలిపించాడు. పదహారును ఎనిమిది చేయడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.