మొక్క కంటే ముందు కాలువ

కడియపులంక దగ్గర హైవే పక్కన మొక్కల లారీ కనబడని రోజుండదు. మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, పేరు పలకడానికి నోరు తిరగని అలంకార మొక్కలు అక్కణ్ణించి దేశం నలుమూలలకీ వెళ్తాయి. వనమహోత్సవం వస్తోందంటే చాలు, చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళకు ముందు గుర్తొచ్చేవి కడియం నర్సరీలే. కానీ అక్కడికి యాభై అరవై కిలోమీటర్ల దిగువన, కోరంగి మడ అడవుల వైపు వెళ్తే, మొక్క తెచ్చి నాటేసే ఆ విద్య చెల్లదు. ఆ ఉప్పుబీళ్ళలో లారీడు మొక్కలు దింపినా ఒక్కటీ బతికి బట్టకట్టదు.

ఆ బీళ్ళను ఎడారి అంటే, గోదావరి డెల్టాలో ఎడారి ఏమిటని నవ్వేవాళ్ళుంటారు. ఐక్యరాజ్యసమితి 1994 నాటి ఒప్పందం కూడా వాళ్ళ పక్షమే. ఎడారీకరణ అన్న మాటను అది వానలు తక్కువపడే ప్రాంతాలకే పరిమితం చేసింది. ఆ లెక్కకు అనంతపురం వస్తుంది, కోనసీమ రాదు. సరే, ఒప్పందం మాట ఒప్పందానిది. మడ అడవి పోయినచోట తెల్లగా ఉప్పు పేరి, పెచ్చులుగా పగిలిన నేల మీద మిట్టమధ్యాహ్నం ఓసారి నిలబడితే ఇంకో పేరు తట్టడం కష్టం.

ఆ నేల అలా తయారవడం వెనక ఒక కథ ఉంది. ఒకప్పుడు మడ అడవిని కూపులుగా, అంటే ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ మొత్తంగా నరికేవారు. కొన్నాళ్ళకు అదే మళ్ళీ మొలుస్తుందని నమ్మకం. మొలవలేదు. నీడ పోయాక ఎండకు బంకమట్టి ఎండి, కుంగి, మధ్యలో పళ్ళెంలా లోతుపడింది. పెద్ద పోటుకు నీళ్ళు ఎక్కుతాయి, పాటుకు మాత్రం దిగిపోవు. అక్కడే నిలిచి ఆవిరైపోతే మిగిలేది ఉప్పు. ఏటేటా పేరిన ఆ ఉప్పులో మడ విత్తనం కూడా మొలకెత్తదు.

అంటే జబ్బు మొక్కలు లేకపోవడం కాదు, నీటికి దారి లేకపోవడం. ఈ సంగతి పట్టుకున్నది చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ. తమిళనాడు పిచ్చావరంలో పరీక్షించి చూసిన పద్ధతిని, అటవీశాఖతో కలిసి 1990ల చివర్లో గోదావరి, కృష్ణా మడ అడవులకు తెచ్చింది. చూడ్డానికి అది చేపముల్లే: ఏటి నుంచి బీడు మధ్యకు ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరు వస్తుంది, పాటుకు ఉప్పును కడుక్కుని పోతుంది. మొక్క వంతు ఆ తర్వాతే.

ఆ మొక్క నాటడంలోనూ కిటుకుంది. కాలువ పైన వెడల్పుగా, అడుగున సన్నంగా ఉంటుంది. అడుగున పెడితే మొక్క మునిగి కుళ్ళుతుంది, గట్టు మీద పెడితే ఎండిపోతుంది. వాలు మధ్యలో, పోటు వచ్చి తడిపి వెళ్ళేచోట పెట్టాలి. ఆ ఎత్తు ఎక్కడో కొలిచి చెప్పడానికి పరికరాలున్నాయి. ఏటి మీద పెరిగిన కుర్రాడికి వాటి అవసరం అంతగా ఉండదు. ఇక మొక్క మాటకొస్తే, కొన్ని రకాల మడ చెట్లకు విత్తనం చెట్టు మీదే మొలకెత్తుతుంది. ఉప్పు పొన్నకైతే మొలక ములక్కాడలా కొమ్మ నుంచి వేలాడుతుంది. చెట్టే నర్సరీ అన్నమాట. కడియం వాళ్ళు అసూయపడాల్సిన ఏర్పాటు!

మట్టి సంగతి తేలినా మనుషుల తగువు మిగిలింది. వంటచెరకు, ఇంటివాసం, గేదెల మేత, అన్నీ మడ నుంచే వచ్చే ఊళ్ళకూ, అడవిని కాయాల్సిన శాఖకూ పొసగదు. అప్పటికే రాష్ట్రంలో మొదలైన వన సంరక్షణ సమితుల్ని ఇక్కడా పెట్టారు. ఇంటికి ఒక మగ, ఒక ఆడ సభ్యులు. ఎక్కడ తవ్వాలి, ఎక్కడ మేపకూడదు, కట్టెలకు బదులేమిటి అన్నవి ఊరూ శాఖా ఒకేచోట కూర్చుని తేల్చుకోవాలి. గట్టిగా అరుచుకోవడానికైనా ఒక వేదిక దొరికింది. అది చిన్న విషయం కాదు.

చెట్ల పని తగువుల్నీ తీర్చగలదంటే అందరూ ఒప్పుకోరు. కెన్యాలో 1977లో ఆడవాళ్ళతో మొక్కలు నాటించడం మొదలుపెట్టిన వంగారీ మాతాయ్‌కి 2004లో నోబెల్ శాంతి బహుమతి ఇస్తే, చెట్లకూ శాంతికీ సంబంధమేమిటని ముక్కు విరిచినవాళ్ళున్నారు. అయినా 2019లో మన ఢిల్లీ పక్కనే జరిగిన ఎడారీకరణ సదస్సులో, సరిహద్దు తగాదాలున్న దేశాలు కలిసి అడవులు పెంచాలంటూ ‘పీస్ ఫారెస్ట్’ కార్యక్రమాన్ని ప్రారంభించారు. దేశాల సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు గానీ, రేవు పక్క ఊళ్ళో గేదె మడలోకి వెళ్ళిందన్న గొడవ కూడా సరిహద్దు తగాదాయే.

తగువులు తీరిపోయాయని మాత్రం అనలేం. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడను నరికారన్న ఫిర్యాదు 2020లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. మూడేళ్ళకు, 2023 జూన్ 5న, మడ అడవులు పెంచడానికి కేంద్రం ‘మిష్టి’ పథకం ప్రారంభించింది. ఆ ఇళ్ళ స్థలాల మాటకొస్తే, పేదవాడికి ఇల్లు అక్కర్లేదని ఎవరూ అనరు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను మర్చిపోనివాళ్ళు, మడను తీసేసి ఆ ఇల్లు సముద్రానికి ఎదురుగా ఎందుకని అడుగుతారు.

మొక్కలు నాటేరోజు ఫొటోలకు కొదవుండదు. కానీ ప్రతి పోటూ నీటితోపాటు ఒండ్రు తెస్తుంది. పిల్లకాలువ పూడితే మళ్ళీ ఉప్పు పేరుతుంది. అందుకే పూడిక తీయాలి, తీస్తూనే ఉండాలి. ఆ పనికి బ్యానర్ కట్టరు. గడియారం కూడా చెల్లదు. పాటు తెల్లవారుజామున ఉంటే తెల్లవారుజామునే, మోకాళ్ళలోతు బురదలో, పార పట్టుకుని దిగాలి.