జీతపు రాళ్లూ, ఒంటరితనమూ

నడివయసులో ప్రేమా ఒంటరితనమూ వస్తువుగా నవల వచ్చిందంటే మనలో చాలామంది పెదవి విరుస్తారు. అది తీరిక ఉన్నవాళ్ల బాధ అనీ, ఆకలి ముందు దానికి చోటు లేదనీ తీర్పు చెప్పేస్తారు. నేనూ అలా చెప్పినవాణ్నే. అనితా నాయర్ ఇంగ్లీషు నవల 'లేడీస్ కూపే' (2001) ప్రతి ఒకటి ఈమధ్య మా కళాశాల అధ్యాపకుల గదిలో చేతులు మారింది. ఆరుగురం చదివాం. ఆ తరువాత జరిగిన చర్చ నా తీర్పును నేనే మళ్లీ పరిశీలించుకొనేట్టు చేసింది.

కథ ఇది. అఖిలాండేశ్వరికి 45 ఏళ్లు. తమిళ బ్రాహ్మణ కుటుంబం. ఆదాయపు పన్ను కార్యాలయంలో గుమాస్తా. తండ్రి పోవడంతో ఆయన ఉద్యోగమూ, ఆయన మోసిన సంసారమూ పెద్దకూతురైన ఆమె నెత్తిన పడ్డాయి. తమ్ముళ్లు ఆమె నీడన పెద్దవాళ్లయి పెళ్లిళ్లు చేసుకున్నారు. చెల్లెలి పెళ్లీ అయింది. అక్క పెళ్లి మాట మాత్రం తల్లితో సహా ఎవరికీ గుర్తు రాలేదు. తనకంటె చిన్నవాడైన హరిని ప్రేమించింది గాని, లోకం ఏమంటుందోనన్న వెరపుతో తానే దూరం చేసుకుంది. చివరకు ఒకనాడు బెంగుళూరులో కన్యాకుమారి రైలెక్కి, ఆడవాళ్ల పెట్టెలో అయిదుగురు స్త్రీల జీవితకథలు వింటుంది. మగవాడి అండ లేకుండా స్త్రీ ఒంటరిగా బ్రతకగలదా అన్నది ఆమె ప్రశ్న.

మా చర్చలో మొదట అందరమూ హరినే పట్టుకున్నాం. అతన్ని వదులుకోవడం పిరికితనమా, వివేకమా అని ఒక పూటంతా వాదించుకున్నాం. ఇద్దరు తమ్ముళ్లను చదివించి ప్రయోజకుల్ని చేసిన ఒక సహోద్యోగిని అంతసేపూ మౌనంగా కూర్చుని, చివరకు, "మాస్టారూ, మీరంతా హరి ఉన్న పేజీలు చదివారు. నేను ఆమె జీతం ఎటు పోయిందో ఆ పేజీలు చదివాను" అన్నారు. ఆ మాట విన్నాక నవలను మళ్లీ మొదటినుంచీ చదివాను.

అఖిల ఒంటరితనం విధి కాదు, ఆమె స్వభావమూ కాదు. అది ఆ ఇంటి జమాఖర్చుల్లో తయారయింది. ఆమె సంపాదన ఇంటికి కావాలి. పెళ్లయితే ఆ సంపాదన మరో ఇంటికి పోతుంది. ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కానక్కరలేదు. అవసరమే వాళ్ల నోళ్లు మూయించింది. తండ్రి బరువును ఆమెకు అప్పగించిన సంసారం తండ్రి అధికారాన్ని మాత్రం ఇవ్వలేదు. అందుకే విడిగా ఉంటానని ఆమె అంటే తోడబుట్టినవాళ్లు అభ్యంతరం చెప్పగలిగారు.

బాలచందర్ 'అంతులేని కథ' (1976) చూసి, సంపాదించే ఆడపిల్ల త్యాగానికి మనవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. కాని ఆ నాయిక యువతి. మెచ్చుకోళ్లు ఆగిపోయిన ఇరవయ్యేళ్లకు అటువంటి మనిషి ఏమవుతుంది? మన ప్రేక్షకులు అడగని ఆ ప్రశ్న దగ్గరే అనితా నాయర్ కథ మొదలుపెట్టింది. ఈ నవల విలువ అక్కడ ఉంది.

లోపమూ ఉంది. ఒకే పెట్టెలో కూర్చున్నంత మాత్రాన ఆడవాళ్లందరూ సమానులు కారు. చెట్టియార్ల ఇంట పనిచేసి, బలాత్కారానికి గురై, కన్నబిడ్డను దగ్గరకు తీసుకోలేకపోయిన మరికొళుందు మిగిలిన వాళ్లకు దూరంగానే ఉంటుంది. ఈ తేడాను రచయిత్రి చూసింది, చూపింది కూడా. కాని చివరకు పేదరాలి దుఃఖం గుమాస్తా ధైర్యానికి మెట్టుగా మాత్రమే మిగిలింది. కన్యాకుమారిలో ఒక యువకునితో సాంగత్యం, ఆపైన హరికి ఫోను: ఈ ముగింపును నీతి పేరిట తప్పుపట్టేవారితో నేను ఏకీభవించను. నా అసంతృప్తి వేరు. ఒక మనిషి సాహసంతో కథ తీరిపోయింది గాని, ఇన్నేళ్ల చాకిరీకి లెక్క చెప్పమని ఆ ఇంటిని ఎవరూ నిలదీయలేదు.

"ఇందులో వర్గపోరాటం ఎక్కడుంది సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యాక్టరీలో దోచుకున్న శ్రమకు కనీసం హాజరుపట్టీ ఉంటుంది. ఇంట్లో ప్రేమ పేరిట తీసుకున్న శ్రమకు అదీ లేదు. ఆ లెక్క వెయ్యడం మన పని కాదనుకుంటే, ఈ ఒంటరితనాన్ని తలరాతగా అమ్ముకొనే కాలక్షేపపు రచయితలకు పాఠకులను మనమే అప్పగించినట్లవుతుంది.

మా గదిలోని ప్రతి ఇప్పుడు ఏడో మనిషి దగ్గర ఉంది. మా సహోద్యోగిని దాన్ని తన పెద్దతమ్ముడికి ఇచ్చి చదవమన్నారు.