దాయాదుల్ని పక్కపక్కన పెట్టి చూడాలి

సీ అర్చిన్ పిండం ఎదుగుదలను మైక్రోస్కోప్ కింద ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. గాజుపలక మీద చుక్క సముద్రపు నీరు, అందులో అండాలు. వీర్యకణాలు కలిపిన కాసేపటికే అండం చుట్టూ పల్చటి పొర ఉబ్బి లేస్తుంది. ఒక కణం రెండు, రెండు నాలుగు అవుతాయి. పదహారు కణాల దశలో ఒక కొసన నాలుగు బుల్లి కణాలు తేలతాయి. లార్వా అస్థిపంజరాన్ని కట్టేది వాటి సంతతే.

అన్నీ ఇలా కళ్లెదుటే జరుగుతాయి కాబట్టే 1870లలో ఆస్కర్ హెర్ట్‌విగ్ ఫలదీకరణను ఈ అండాల్లోనే పరిశీలించాడు. ఏ జన్యువు దేన్ని మేల్కొలుపుతుందో చూపే పటాన్ని 2002లో కాల్‌టెక్‌లో ఎరిక్ డేవిడ్‌సన్ బృందం గీసింది కూడా సీ అర్చిన్ పిండానికే. 2006లో దాని జన్యుక్రమం వెలువడింది. అందులో సుమారు 23,000 జన్యువులున్నాయి.

ఇంత తెలిసినా, ఒక్క జీవినే చూస్తూ కూర్చుంటే పరిణామం అంతుపట్టదు. దాని పక్కన దాయాదిని పెట్టాలి. ఆస్ట్రేలియా తీరంలో హీలియోసిడారిస్ ప్రజాతికి చెందిన రెండు జాతులున్నాయి: ట్యూబర్క్యులేటా, ఎరిత్రోగ్రామా. విడిపోయి నలభై, యాభై లక్షల ఏళ్లే అయింది. పెద్దయ్యాక రెండూ సీ అర్చిన్లే, బాల్యం మాత్రం పూర్తిగా వేరు. ట్యూబర్క్యులేటా లార్వా పొడవాటి చేతులతో ఈదుతూ, సూక్ష్మ శైవలాలు తింటూ వారాల తరబడి పెరుగుతుంది. ఎరిత్రోగ్రామా అండం వెడల్పులో నాలుగున్నర రెట్లు, ఘనపరిమాణంలో దాదాపు వంద రెట్లు పెద్దది. తిండి అందులోనే ఉంటుంది. దాని లార్వా ఏమీ తినకుండానే మూడు, నాలుగు రోజుల్లో బుల్లి సీ అర్చిన్‌గా మారిపోతుంది.

రుడాల్ఫ్ రాఫ్ బృందం ఎరిత్రోగ్రామా అండాన్ని ట్యూబర్క్యులేటా వీర్యకణంతో ఫలదీకరింపజేసింది. తల్లి జాతి వదిలేసిన లార్వా లక్షణాలు కొన్ని ఆ సంకర పిండంలో మళ్లీ కనిపించాయి. 1999లో ఈ ఫలితాన్ని ప్రచురించారు.

ఈ పనిలో చాకిరీ ఎక్కువే. జీవుల సంతాన రుతువు కోసం కాచుకోవాలి. తినే లార్వాలకు శైవలాలు పెంచిపెట్టాలి, నలగకుండా జల్లించి నీళ్లు మార్చాలి. అయినా ఈ చాకిరీని పరిశోధనకు ముందు చేసే ఏర్పాటుగా చూడలేను, పరిశోధన అంటే అదే. ఒక్క జీవినే ఎరిగినవాడికి అది అలా ఉండక తప్పదనిపిస్తుంది. ఇంకోలా ఎదగడానికీ దారి ఉందని చెప్పేది దాయాదే. అందుకే ఈ రంగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: మీ తొట్టిలో ఎప్పుడూ రెండు జాతుల్ని పెంచండి.