మార్కు మాత్రమే చాలునా?

పరీక్ష రెండు ప్రయోజనములకై యేర్పడినది. విద్యార్థి యెంత నేర్చెనో లోకమునకు దెలుపుట యొకటి. ఏమి నేర్వలేదో విద్యార్థికే తెలుపుట రెండవది. మన ఇంజనీరింగు కళాశాలలు మొదటిదానిని శ్రద్ధతో నెరవేర్చుచున్నవి. రెండవదానిని దాదాపుగా మరచినవి.

2014వ సంవత్సరమున భారతదేశము వాషింగ్టను ఒడంబడికలో పూర్ణసభ్యత్వమును బడసెను. పట్టభద్రుడు ఏమి చదివెనని కాక, ఏమి చేయగలడని యడుగుట ఆ ఒడంబడిక యొక్క పద్ధతి. దాని ననుసరించి అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో పరీక్షాసంస్కరణ విధానమును ప్రకటించినది. ప్రశ్నలు జ్ఞాపకశక్తిని మాత్రమే గాక, అన్వయించు శక్తిని, విశ్లేషించు శక్తిని, నిర్మించు శక్తిని గూడ శోధింపవలెనని అందు చెప్పబడినది. పుస్తకము నెదుట నుంచుకొని వ్రాయు పరీక్షలను, ప్రాజెక్టు పనులను అది ప్రోత్సహించినది. ఇవి మెచ్చదగిన మాటలే. కాని ప్రశ్న యెట్లుండవలెనను విచారమునకు అందు దొరకిన చోటు, జవాబు దిద్దిన పిమ్మట నేమి జరుగవలెనను విచారమునకు దొరకలేదు. లోపము అచ్చటనే యున్నది.

ఒక యుదాహరణము చూడుడు. 4 మీటర్ల దూలము రెండు కొనలయందును ఊరక ఆనియున్నది. దానిపై మీటరునకు 10 కిలోన్యూటనుల బరువు సమముగా పరచబడినది. నడుమ గలుగు బెండింగు మూమెంటు 20 కిలోన్యూటను మీటర్లు. ఒక విద్యార్థి పద్ధతి నంతయు సరిగా నడపి గుణకారమున తప్పెను. మరియొకడు, ఒక కొన గోడలో బిగింపబడి రెండవ కొన గాలిలో నున్న దూలమునకు చెల్లు సూత్రమును దీనికి వాడి 80 అని తేల్చెను. ఇద్దరికిని 10కి 5 మార్కులే వచ్చినవనుకొందము. మొదటివానికి వలసినది జాగ్రత్త. రెండవవానికి వలసినది మరల పాఠము. ఈ భేదమును 5 అను అంకె చెప్పగలదా? రోగము పేరు చెప్పక జ్వరము డిగ్రీలు మాత్రము చెప్పి పంపు వైద్యుని మనము మెచ్చుదుమా?

1988లో రూత్ బట్లరు అను విదుషి ఇజ్రాయెలు పాఠశాలలలో జరిపిన పరిశోధన యిచ్చట స్మరింపదగినది. వ్యాఖ్య మాత్రమే పొందిన పిల్లలు తరువాతి పనిలో మెరుగుపడిరి. మార్కు మాత్రమే పొందినవారును, మార్కుతో గూడ వ్యాఖ్యను పొందినవారును అట్లు మెరుగుపడలేదు. అంకె కనబడగానే దృష్టి అంకెపైననే నిలిచెను. వారు చిన్న పిల్లలే. అయినను మన కళాశాల విద్యార్థుల స్వభావము ఇందుకు భిన్నమని తలపనక్కరలేదు.

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2022 నిబంధనలలో కళాశాలలోనే దిద్దు మార్కులను 25 నుండి 40కి పెంచినది. అధ్యాపకుని చేతికి వచ్చిన యీ భాగము గొప్ప యవకాశము. కాని మార్కు చూపుటకై క్షణకాలము చేతికిచ్చి మరల తీసికొను జవాబుపత్రము వలన నేమి లాభము? ఇక మిగిలిన 60 మార్కుల పత్రమును విద్యార్థి సామాన్యముగా చూడనే చూడడు. రుసుము చెల్లించి పునర్మూల్యాంకనము కోరినను వచ్చునది మరియొక అంకెయే.

తరగతిలో అరువదిమంది యుండగా ఒక్కొక్కరికి వ్యాఖ్య వ్రాయుట సాధ్యమా యని అధ్యాపకులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అరువది పత్రములలో సామాన్యముగా దొరలు తప్పులు నాలుగైదు రకములే. వానిని బల్లపై వ్రాసి చర్చింపవచ్చును. మార్కును వారము దినములు దాచి, తప్పును దిద్ది తెచ్చినవానికి కొంత భాగము తిరిగి యీయవచ్చును. ఇందులకు ధనము గాని క్రొత్త భవనములు గాని యక్కరలేదు; పాఠము ముగియక పూర్వమే పత్రము విద్యార్థిని చేరిన చాలును.

తలిదండ్రులకును ఇందు భాగము కలదు. ఇంటికి వచ్చిన బిడ్డను "ఎన్ని మార్కులు?" అని యడుగుట మాని, "ఏ తప్పు తెలిసికొంటివి? దాని నెట్లు దిద్దుకొంటివి?" అని యడుగుడు. రేపు ఆ బిడ్డ కట్టు వంతెనపై నడచువారికి కావలసినది వారి పట్టాలోని అంకె కాదు, దూలము నిలుచుట.