ఆగిన రాజశకటం: గో వజ్రోత్సవ చిత్రం

ఊరేగింపు చిత్రానికి గమనమే ప్రాణం. ఆండ్రూ కారిక్ గో 1899లో చిత్రించిన విక్టోరియా వజ్రోత్సవ దృశ్యంలో మాత్రం రాజశకటం ఆగి ఉంటుంది. 1897 జూన్ 22న లండన్‌లోని సెయింట్ పాల్ ప్రధాన చర్చి మెట్లెక్కలేని 78 ఏళ్ల రాణి బండి దిగలేదు. ప్రార్థనే ఆరుబయట జరిగింది. చుట్టూ మతాధికారులను, సైనికులను, జనాన్ని నిలిపి, ఆ అశక్తతనే అధికారపు నిశ్చలతగా మలచడం చిత్రకారుని నేర్పు. అయితే ఆ రాత్రే పుణెలో, వజ్రోత్సవ వేడుక నుంచి బండిలో తిరిగివస్తున్న ప్లేగు అధికారి ర్యాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. ప్లేగు నివారణ పేరిట సాగిన ఇంటి సోదాలపై పెల్లుబికిన ఆగ్రహమది. లండన్ దృశ్యానికే పరిమితమైన గో చిత్రంలో దానికి తావు లేకపోవడం సహజం. కానీ వలసపాలనను అనుభవించిన సమాజపు విమర్శకులు ఆ రెండవ బండిని విస్మరిస్తే, చిత్రాన్ని పాలకుల దృష్టితోనే చదివినవారవుతారు.