సూపర్‌మాన్‌ది ఏ నీలం?

రెండేళ్ళ క్రితం ఒక సూపర్‌మాన్ బొమ్మ కొన్నాను. పన్నెండు అంగుళాలది, నిజం గుడ్డతో కుట్టిన సూటు, 1978 సినిమాలోని క్రిస్టఫర్ రీవ్ పోలికలు. ఎంతకు కొన్నానో ఇంట్లో ఇప్పటికీ సగమే తెలుసు. ఇలాంటి బొమ్మలు నాకంటే ఎక్కువ కాలంగా పోగేస్తున్న స్నేహితుడొకడు చూడ్డానికొచ్చి, బీరువా అద్దం తలుపు తెరవకముందే తీర్పు చెప్పేశాడు: “నీలం తప్పురా.”

“మరి ఏది రైటు?”

“సినిమాలో ఉన్నది.”

ఆ జవాబులో తిరకాసు ఉందని నాకు అప్పుడు తోచలేదు. వాడు వెళ్ళాక ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని చూశాను, ఈసారి కథ కోసం కాదు, సూటు కోసం. వీధిలో నిలబడ్డప్పుడు ఒక నీలం. ఎగురుతున్నప్పుడు కొన్ని షాట్లలో ఇంకో నీలం, కాస్త ఆకుపచ్చ కలిసినట్టు, నెమలికంఠానికి దగ్గరగా. ఎగిరే దృశ్యాల్లో కొన్నింటిని నీలిరంగు తెర ముందు తీసి, తర్వాత ఆ తెర స్థానంలో ఆకాశాన్ని అతికించేవారు. నీలం తెర ముందు నీలం సూటు మనిషిని నిలబెడితే తెరతో పాటు సూటూ మాయమౌతుంది. అందుకని ఆ షాట్లకి ఆకుపచ్చ వైపు మొగ్గిన సూటు తొడిగి, తర్వాత రంగు సరిదిద్దుకున్నారు. అన్నిచోట్లా ఒకేలా సరికాలేదు. దుస్తులు డిజైన్ చేసిన ఇవోన్ బ్లేక్ చేతిలో ఉన్న గుడ్డ ఒక రంగు, కెమెరా ముందుకొచ్చింది ఇంకో రంగు, హాల్లో తెర మీద పడింది మరో రంగు. ఆ పైన వీడియో టేపు, డీవీడీ, బ్లూ-రే తలా ఒక చెయ్యి వేశాయి. మావాడు “సినిమాలో ఉన్నది” అన్నప్పుడు వాడి మనసులో ఉన్నది వాడి ఫోన్లో దాచుకున్న ఒకే ఒక్క ఫొటో.

మనకిది మరీ కొత్తేమీ కాదు. 1957 నాటి మాయాబజార్‌ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేశారు. నలుపు తెలుపు ఫిల్ముకి ఏ పట్టు ఏ రంగుదో గుర్తుండదు కాబట్టి, కృష్ణుడి ఒంటి మీది రంగులు యాభై ఏళ్ళు దాటాక ఎవరో కూర్చుని తేల్చినవే. నా పక్క సీట్లో కూర్చున్న పెద్దనాన్న మాత్రం “అదేరా, అదే రంగు” అన్నాడు. ఆయన అంతకుముందు ఆ సినిమాని చూసిందంతా నలుపు తెలుపులోనే.

కామిక్స్ దగ్గరికెళ్తే కాళ్ళ కింద నేల ఇంకా జారిపోతుంది. 1962లో స్టీవ్ డిట్కో గీసిన స్పైడర్‌మాన్ దుస్తుల్లో ఇప్పుడు మనం నీలం అనుకునే భాగం చాలాచోట్ల నల్ల సిరాయే. నీలం ఆ నలుపు మీద పడిన వెలుగు. చవక కాగితం మీద నాలుగు రంగుల అచ్చులో నలుపుకి మెరుపు చూపించాలంటే ఉన్న దారి అది. తర్వాత వచ్చిన చిత్రకారులు నలుపు తగ్గిస్తూ పోయారు, చివరికి మెరుపే బట్టగా మారి కూర్చుంది. బాట్‌మాన్ కేప్ సంగతీ అంతే. హల్క్ కథ ఇంకా చిత్రం. 1962 మే నాటి మొదటి సంచికలో అతనిది బూడిద రంగు. అచ్చులో ఆ బూడిద ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా పడుతోందని రెండో సంచికకల్లా ఆకుపచ్చ చేసేశారు. ఇవాళ హల్క్ బొమ్మ చేతిలోకి తీసుకుని “ఈ ఆకుపచ్చ షేడు తేడాగా ఉంది” అని పెదవి విరిచే సేకర్త, అరవై ఏళ్ళ నాటి అచ్చు యంత్రం పడ్డ తిప్పలకి విశ్వాసపాత్రుడన్నమాట.

కాబట్టి ఏ రంగైనా ఒకటే అంటానని అనుకోకండి. అలా అనేవాళ్ళు తొంభైల నాటి బాట్‌మాన్ బొమ్మలు చూసి ఉండరు. కెన్నర్ కంపెనీ ‘బాట్‌మాన్ రిటర్న్స్’ సినిమా పేరు మీద ఆర్కిటిక్ బాట్‌మాన్ అంటూ మంచుప్రాంతాల వేషం వేసి అమ్మింది. సినిమాలో అలాంటి సూటు లేదు. ఒకే అచ్చు బొమ్మకి నాలుగు రంగులు మార్చి నాలుగుసార్లు కొనిపించడం అప్పటి వ్యాపారం. ఆ బొమ్మలతో పెరిగిన పిల్లలు సొంత జీతాలు వచ్చాక “మాకు సినిమాలో ఉన్నదే కావాలి” అని పట్టుబట్టారంటే, ఆ పట్టుదలలో చిన్నప్పటి కోపం కూడా ఉంది. ఆ కోపం న్యాయమైనదే. నాకొచ్చిన చిక్కల్లా, ఆ కోపంతో వాళ్ళు సాధించుకున్న కొలబద్దతోనే.

ఇప్పుడు బొమ్మల సమీక్ష అంటే లెక్కింపు. బెల్టుకి ఎన్ని సంచులు, ఛాతీ మీది గుర్తు ఎన్ని మిల్లీమీటర్లు, బూటు మీద కుట్లు ఎన్ని. లెక్క సరిపోతే పది మార్కులు. దేనితో పోల్చి సరిపోవాలి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. కామిక్ బొమ్మతోనా, దర్జీ కుట్టిన సూటుతోనా, తెర మీద కనిపించిన మనిషితోనా? ఈ మూడూ మూడు వేరే వస్తువులు.

మెగో అనే అమెరికన్ కంపెనీ 1972 నుంచి ఎనిమిదంగుళాల సూపర్‌హీరోలు చేసింది. గుడ్డ దుస్తులు తొడిగేది. వాళ్ళ బాట్‌మాన్ చేతి తొడుగులు వేళ్ళు లేకుండా, పొయ్యి మీంచి వేడి గిన్నె దించడానికి వేసుకునే సంచుల్లా ఉంటాయి. సేకర్తలు వాటిని ఆ పేరుతోనే పిలుచుకుని నవ్వుకుంటారు. మోకాళ్ళ దగ్గర బట్ట ముడతలు, నడుం దగ్గర ఉబ్బు. లెక్కింపు సమీక్షలో దీనికి మూడు మార్కులు కూడా రావు. కానీ అది దేనికి దగ్గరో చూడండి: బిగుతు బట్టలేసుకుని వీధిలోకొచ్చిన మామూలు మనిషికి. అరవైల టీవీ సీరియల్లో ఆడమ్ వెస్ట్ వేసిన బాట్‌మాన్ అచ్చంగా అలాగే ఉంటాడు, ముడతలతో సహా.

1984లో కెన్నర్ తెచ్చిన సూపర్ పవర్స్ బొమ్మలు దీనికి పూర్తిగా తిరగేసిన దారి. అయిదంగుళాలు కూడా లేని ప్లాస్టిక్ బొమ్మలు. కాళ్ళు రెండూ నొక్కితే సూపర్‌మాన్ చెయ్యి ఊపి గుద్దుతాడు. కేప్ ఒక్కటే గుడ్డ, మిగతా దుస్తులన్నీ శరీరం మీద రంగే. వాటి రూపానికి ఆధారం హోసే లూయిస్ గార్సియా-లోపెజ్ బొమ్మలు. డీసీ సంస్థ తన పాత్రలు ఎలా ఉండాలో చెప్పే నమూనా పుస్తకానికి గీసింది ఆయనే. ఆ సూపర్‌మాన్‌ని మొదట మావాడి అల్మరాలోనే చేతిలోకి తీసుకున్నాను. కుట్టు లేదు, నేత లేదు, ముడత లేదు. అయినా కామిక్స్ సూపర్‌మాన్‌కి అంత దగ్గరగా ఉన్న బొమ్మని నేను ఇంతవరకూ చూడలేదు. ఎందుకంటే కామిక్స్‌లో సూపర్‌హీరో నిజానికి బట్టలు వేసుకోడు! చిత్రకారుడు కండలు తీరిన ఒళ్ళు గీస్తాడు, దాని మీద రంగు పడుతుంది. మెడ దగ్గర ఒక గీత, మణికట్టు దగ్గర ఒక గీత, అంతే వస్త్రం. కాబట్టి కామిక్ బొమ్మకి రంగు పూతే నమ్మకమైన దర్జీ. ఇవాళ్టి మార్వెల్ లెజెండ్స్ బొమ్మల్లో ఒకే ఒంటి అచ్చుని పదిమంది హీరోలకి వాడి రంగులు మారుస్తారని సేకర్తలు తిట్టుకుంటారు. బూటు అంచూ గ్లవ్ మడతా కూడా ఉబ్బెత్తుగా చెక్కకుండా ఉత్త గీతతో సరిపెట్టినప్పుడు నేనూ తిడతాను. ఛాతీ మీద చెక్కుడు లేదని తిడితే మాత్రం నవ్వొస్తుంది. అక్కడ చెక్కడానికి ఏముంది?

సినిమా వేషానికొస్తే లెక్క మారుతుంది, మారాలి కూడా. 1989 బాట్‌మాన్‌కి బాబ్ రింగ్‌వుడ్ చేసిన నల్ల సూటులో మైకేల్ కీటన్ తల తిప్పలేడు. పక్కకి చూడాలంటే భుజాలతో సహా ఒళ్ళంతా తిరగాలి. అతని నటనలోని ఆ బిగువు, విగ్రహం కదిలినట్టుండే ఆ తీరు, సగం ఆ రబ్బరు మెడ పెట్టిన భిక్షే. 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’కి లిండీ హెమింగ్ 110 ముక్కలతో కొత్త సూటు చేసింది. తల తిప్పగలిగే సూటు కావాలని కథలోనే బ్రూస్ వేన్ అడుగుతాడు. ఇప్పుడు 1989 బాట్‌మాన్ బొమ్మ తీసుకోండి. మెడలో మంచి కీలుంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, సమీక్షకులు దానికి మార్కులిస్తారు. బెల్టు సంచులు కచ్చితంగా లెక్కపెట్టిన కళ్ళకి ఈ మెడ కనపడలేదు. ఆ వేషంలో ముఖ్యమైన సంగతి అదే కదా, ఆ మనిషి మెడ తిప్పలేడని.

అసలు గుడ్డే లేని వేషాల సంగతేంటి? 2011 ‘గ్రీన్ లాంటర్న్’లో రయన్ రెనాల్డ్స్ సూటు మొత్తం కంప్యూటర్లో చేసింది. ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’లో కాలప్రయాణానికి వేసుకునే తెల్ల సూట్లూ అంతే, నటులెవరూ వాటిని తొడుక్కోలేదు. వాటిని బొమ్మకి గుడ్డతో కుట్టారంటే, ఆ దుస్తులు లోకంలో వస్త్రంగా పుట్టింది అప్పుడే. నకలు ముందు, అసలు ఇంకా రాలేదు. అలాంటి బొమ్మకి “ఆక్యురేట్” అని కితాబిచ్చే సమీక్ష చదివినప్పుడల్లా, ఎవరి కొలతలతో పోల్చారబ్బా అనుకుంటాను.

ఇక నా గోడు. నా దగ్గర ఒక నల్ల సూటు బాట్‌మాన్ ఉండేది. ఉంది, కానీ ఉన్నట్టు కాదు. పేరున్న కంపెనీదే, పేరు అనవసరం. కొన్నరోజు ఆ సూటు మీది నిగారింపు చూసి సినిమాలోంచి లేచొచ్చాడనుకున్నాను. తోలులా కనిపించే ఆ పదార్థం, గుడ్డ మీద పాలీయురెథేన్ పూత. తేమ గాలిలో అది నెమ్మదిగా విరిగిపోతుంది. మేముండేది విశాఖపట్నంలో, ఉప్పుగాలి. నాలుగో ఏట మోచేతి దగ్గర పగులు, ఆరో ఏటికి ఒళ్ళంతా పొలుసులు. పాత హ్యాండ్‌బ్యాగు మీది రెక్సిన్ రాలినట్టే రాలింది. కేప్ కూడా అదే సరుకు. మెగో బాట్‌మాన్ల ముడతల గుడ్డ యాభై ఏళ్ళు దాటినా చాలా ఇళ్ళలో నిలిచే ఉంది. సినిమా సూటు మెరుపుని సరిగ్గా పట్టుకోవాలన్న పంతమే నా బొమ్మ ప్రాణం తీసింది.

కొత్త కేప్ కుట్టించడానికి మా వీధి చివర ఒకావిడ దగ్గరికెళ్ళాను. దేవుడి విగ్రహాలకి బట్టలు కుడుతుందావిడ. అరచేతి ఎత్తు కృష్ణుడికి పంచె, జానెడు అమ్మవారికి చీర. పాత కేప్ పట్టుకుని చూసి, కింద అంచులో దూర్చిన సన్న తీగని వేళ్ళతో తడిమింది.

“ఇదెందుకు బాబూ?”

“మడతలు నిలబడ్డానికండీ. లేకపోతే అట్టలా ఉంటుంది.”

“ఉండదా మరి. పెద్దోళ్ళ గుడ్డ చిన్న విగ్రహానికి కడితే గోనెసంచిలా నిలబడిపోద్ది. తీగెట్టడం కాదు, గుడ్డ మార్చాలి.”

ఆవిడ ఒక్క మాటలో చెప్పిన దాని వెనక లెక్క ఇది. ఈ బొమ్మలు అసలు మనిషిలో ఆరోవంతు. కేప్ పొడవు ఆరోవంతు, వెడల్పు ఆరోవంతు, కాబట్టి అదే గుడ్డైతే బరువు ముప్ఫై ఆరో వంతు. దారం మందం మాత్రం తగ్గదు, గుడ్డ బిరుసు తగ్గదు. కిందికి లాగే బరువు లేక కేప్ ఎగదన్ని నిలబడుతుంది. సినిమాలో వాడిన గుడ్డనే వాడామని పెట్టె మీద గొప్పగా రాసుకుంటే, ఆ బొమ్మ సినిమాలోలా ఉండదని ఒప్పుకున్నట్టే. పెద్ద బట్టకి నమ్మకంగా ఉండాలంటే చిన్న బట్ట వేరే బట్ట కావాలి. దీనికోసమే తయారీదార్లు అంచుల్లో తీగలు దూరుస్తారు, మనం ఆ తీగల్ని వంచి మడతలు తయారుచేసి ఫొటోలు తీస్తాం.

ఆవిడ నల్ల శాటిన్ ఎంచింది. ఏటవాలుగా కత్తిరించింది, అంచు మడవకుండా కొవ్వొత్తి మంట దగ్గర చూపించి దారాలు ఊడకుండా చేసింది. నూట యాభై తీసుకుంది. ఇంటికి తెచ్చి తొడిగాను. భుజాల మీంచి మడమల దాకా నీళ్ళు జారినట్టు జారింది. పొలుసుల సూటంతా ఆ కేప్ లోపలికి పోయింది, ముఖమూ చేతులూ మాత్రం కనిపిస్తున్నాయి.

పోయిన ఆదివారం మావాడు మళ్ళీ వచ్చాడు. బాట్‌మాన్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఈసారి తలుపు తెరిచి కేప్ అంచు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

“శాటినా? సినిమాలో శాటిన్ కాదుగా.”

“కాదు. ఎలా పడుతోందో చూడు.”

వదిలి చూశాడు. మళ్ళీ పట్టుకుని, అంచు పొడుగునా వేళ్ళు నడిపించాడు, ఒక కొస నుంచి ఇంకో కొసకి.

“ఇందులో తీగేదిరా?” అన్నాడు.